పిచ్చర్ భుజం నొప్పికి వీపు వంపు ఎంతవరకు కారణం?

ప్రశ్న: మా బాబుకు 15 ఏళ్లు. హనుమకొండలో పదో తరగతి చదువుతున్నాడు. స్కూల్ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్, అంటే బ్యాట్ పట్టినవాడికి బంతి విసిరేవాడు. రెండు నెలలుగా బంతి విసిరినప్పుడల్లా కుడి జబ్బ పైభాగంలో నొప్పి అంటున్నాడు. రెండు రోజులు ఆగితే తగ్గుతుంది, మళ్లీ ఆడితే వస్తుంది. బంతి వేగం కూడా తగ్గిందని పీఈటీ సార్ అంటున్నారు. "ఎప్పుడు చూసినా వీపు వంచి కూర్చుంటాడు, కుడి భుజం కిందికి జారిపోయింది, అందుకే ఇదంతా" అన్నారు. దాంతో ఆన్‌లైన్‌లో వీపు నిటారుగా ఉంచే బెల్టు తెప్పించాం. బడి, స్టడీ అవర్స్ కలిపి పొద్దంతా కూర్చునే ఉంటాడు. ఆదివారాలు కాలనీ పిల్లలతో క్రికెట్, అందులోనూ ఫాస్ట్ బౌలింగ్. వాళ్లమ్మ ఆట మాన్పించేద్దాం అంటోంది. వీపు సరిచేస్తే నొప్పి పోతుందా?
- ఒక తండ్రి, హనుమకొండ

సమాధానం: మీ పీఈటీ సార్ గమనించింది మంచి విషయమే. వీపు వంపుకూ భుజం నొప్పికీ సంబంధం ఉంది. కానీ మీ బాబు వయసులో అది మొదట చూడాల్సిన విషయం కాదు. ముందు ఈ రోజు నుంచే బంతి విసరడం ఆపించండి. బేస్‌బాల్ ఒక్కటే కాదు, ఆదివారం బౌలింగ్ కూడా. ఆ తర్వాత ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించి ఎక్స్‌రే తీయించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఆర్థో ఓపీలో చూపించినా సరే, మీకు నమ్మకమున్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినా సరే. రెండు భుజాలకూ తీయమని అడగండి. కుడిదాన్ని ఎడమదాని పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 15 ఏళ్ల పిల్లల ఎముకలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. జబ్బ ఎముక పైకొనలో, భుజం కీలుకు దగ్గరగా, గ్రోత్ ప్లేట్ అనే మెత్తని పొర ఉంటుంది. జబ్బ ఎముక పొడవులో దాదాపు 80 శాతం పెరుగుదల అక్కడి నుంచే వస్తుంది. చుట్టూ ఉన్న కండరాలు, స్నాయువుల కంటే ఈ పొరే బలహీనం. వందల సార్లు గట్టిగా విసరడం వల్ల అక్కడ ఒత్తిడి పడి ఆ పొర వెడల్పవుతుంది. 11 నుంచి 16 ఏళ్ల మధ్య బంతి విసిరే పిల్లల్లో కనిపించే సమస్య ఇది. మీరు రాసిన లక్షణాలు, అంటే జబ్బ పైభాగంలో నొప్పి, ఆగితే తగ్గడం, విసిరితే తిరిగి రావడం, వేగం పడిపోవడం, దీనికి బాగా సరిపోతాయి. అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పాలి. ఒకవేళ అదే అయితే మందు విశ్రాంతే. మామూలుగా మూడు నెలలు పడుతుంది. పూర్తిగా మానుతుంది కూడా. నొప్పి మాత్ర వేసుకుని మ్యాచ్ ఆడించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ నొప్పే మనకున్న హెచ్చరిక, దాన్ని మాత్రతో కప్పేస్తే దెబ్బ పెరుగుతున్న సంగతి ఎవరికీ తెలియదు.

రాత్రి నిద్రలో లేపేంత నొప్పి, వేళ్లలో తిమ్మిరి, చేయి ఉబ్బడం లేదా రంగు మారడం, విసురుతుండగా 'టప్'మని శబ్దం వచ్చి చేయి ఎత్తలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఓపీ రోజు కోసం చూడకుండా వెంటనే తీసుకెళ్లండి.

ఇక వీపు సంగతి. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే 'నిటారుగా కూర్చో' అని పిల్లల్ని రోజూ గదమాయిస్తాం గానీ, ఆ మాటకు భుజంతో పనేమిటో చెప్పం.

భుజం కీలు గాలిలో వేలాడుతూ ఉండదు. వీపు పైభాగంలో రెండు వైపులా త్రికోణం ఆకారంలో, పలుచగా ఒక ఎముక తగులుతుంది. అది స్కాపులా. భుజం కీలు గిన్నె దాని అంచునే ఉంటుంది. ఆ స్కాపులా పక్కటెముకల గూడు మీద కండరాల పట్టుతో జారుతూ తిరుగుతుంది. మనం చేతిని నేరుగా పైకి ఎత్తినప్పుడు ఆ 180 డిగ్రీల్లో సుమారు 120 కీలు నుంచి వస్తే, మిగతా 60 స్కాపులా తిరగడం వల్ల వస్తాయి. వీపు పైభాగం గూనిగా వంగితే పక్కటెముకల గూడు ఆకారం మారుతుంది, దాని మీద స్కాపులా ముందుకు ఒరిగిపోతుంది. ఛాతీ ముందువైపు, పెద్ద కండరం కింద, పెక్టొరాలిస్ మైనర్ అనే చిన్న కండరం ఉంటుంది. రోజుల తరబడి వంగి కూర్చుంటే అది బిగుసుకుపోయి స్కాపులాను ఇంకా ముందుకు లాగుతుంది. అప్పుడు చేయి పైకెత్తినప్పుడు కీలు పైకప్పుకూ జబ్బ ఎముకకూ మధ్య జాగా ఇరుకవుతుంది. ఆ ఇరుకులోనే రొటేటర్ కఫ్ కండరాల, అంటే భుజం కీలును చుట్టి పట్టి ఉంచే కండరాల, స్నాయువులు ఉంటాయి.

ఇది మాటల్లో కన్నా ఒంటి మీద తొందరగా అర్థమవుతుంది. బాబును కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ చూస్తున్నట్టు వీపు బాగా వంచి, ఎడమ చేతిని పక్క నుంచి పైకి ఎత్తమనండి. ఎక్కడో ఆగిపోతుంది. ఇప్పుడు వీపు పైకి సాగదీసి అదే చేతిని ఎత్తమనండి. మీరు కూడా చేసి చూడండి. వంగి కూర్చున్నప్పుడు చేయి లేచే పరిధి 20 డిగ్రీలకు పైగా తగ్గుతుందనీ, అదే భంగిమలో చేతి బలం కూడా తగ్గుతుందనీ పరిశోధకులు కొలిచి చూశారు.

ఇప్పుడు దీన్ని పిచ్చర్ చేతికి అన్వయించండి. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములే, క్రికెట్ బంతి కంటే తక్కువ. కానీ దాన్ని 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి పూర్తి వేగంతో, మళ్లీ మళ్లీ విసరాలి. విసిరే ముందు ఒక క్షణం ముంజేయి వెనక్కి వాలి దాదాపు నేలకు సమాంతరంగా పడుకుంటుంది. పెద్ద పిచ్చర్లలో ఈ మెలిక 170 డిగ్రీలు దాటుతుంది. అంత మెలిక భుజం కీలు ఒక్కటే ఇవ్వలేదు. అందులో కొంత స్కాపులా వెనక్కి వాలడం వల్ల, కొంత వెన్ను పైభాగం వెనక్కి తెరుచుకోవడం వల్ల వస్తుంది. వెన్ను తెరుచుకోకపోతే, స్కాపులా వెనక్కి వాలకపోతే ఆ లోటును కీలే పూడ్చుకోవాలి. అంటే కీలు ముందువైపు స్నాయువుల మీద, పిల్లల్లో అయితే గ్రోత్ ప్లేట్ మీద భారం పడుతుంది. లేదంటే శరీరమే జాగ్రత్తపడి మెలిక తగ్గించుకుంటుంది, బంతి వేగం పడిపోతుంది. మీ బాబు విషయంలో నొప్పి, వేగం తగ్గడం రెండూ కలిసి వచ్చాయి. అందుకే సార్ మాటను నేను కొట్టిపారేయడం లేదు.

ఆ వెనక్కి వాలిన చేయి ముందుకు తిరిగే వేగం ప్రొఫెషనల్ పిచ్చర్లలో సెకనుకు 7000 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనిషి శరీరంలో కొలిచిన కదలికల్లో అత్యంత వేగమైన వాటిలో ఇదొకటి. బంతి చేయి వదిలిన వెంటనే ఆ చేతిని ఆపాలి కదా, అప్పుడు కీలును బయటికి లాగే బలం దాదాపు ఆ మనిషి శరీర బరువంత ఉంటుంది. ఆ చేతికి బ్రేకులు వేసేది వెనకవైపు రొటేటర్ కఫ్, స్కాపులాను పట్టి ఉంచే కండరాలు. గూని వీపు మీద ఈ కండరాలు సాగిపోయి, పట్టు తగ్గిన స్థితిలోనే పని మొదలుపెడతాయి.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. విసిరే బలం భుజంలో పుట్టదు. మన ఊళ్లలో జొన్న చేనులో మంచె ఎక్కి వడిసెల తిప్పేవాళ్లను చూసి ఉంటారు. కాళ్లు తన్నిపెట్టి, నడుము తిప్పి విసురుతారు, వడిసెల తాడు ఆ బలాన్ని రాయి దాకా చేర్చడమే చేస్తుంది. పిచ్చర్ చేయి ఆ తాడు. బలం వెనక కాలిలో మొదలై తుంటి, నడుము, ఛాతీ మీదుగా పైకి వస్తుంది. 2008లో అమెరికా వాళ్లు మన దేశంలో పెట్టిన బంతి విసిరే పోటీ నుంచి అక్కడి బేస్‌బాల్ క్లబ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం దాకా వెళ్లిన రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ ఇద్దరూ ఈటె విసిరేవాళ్లు, అంతకుముందు బేస్‌బాల్ ఆడినవాళ్లు కాదు. ఒళ్లంతా వాడి విసరడం వాళ్లకు అప్పటికే అలవాటు. పొద్దంతా కూర్చునే పిల్లల్లో తుంటి ముందువైపు కండరాలు బిగుసుకుపోతాయి, పిరుదుల కండరాలు మందగిస్తాయి. కింది నుంచి రావాల్సిన బలం రాకపోతే పిల్లవాడు చేత్తో లాగి విసురుతాడు. నొప్పి భుజంలో తేలుతుంది, లోపం తుంటిలో ఉంటుంది.

బెల్టు తెప్పించామన్నారు. తీసి పక్కన పెట్టండి. అది భుజాలను వెనక్కి లాగి కట్టేస్తుంది, పని చేయాల్సిన కండరం మాత్రం అలాగే నిద్రపోతుంది. దాని కంటే పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. 'ఛాతీ ముందుకు, భుజాలు వెనక్కి' అని బిగబట్టడం విసిరేవాళ్లకు మంచి భంగిమ కాదు. చేయి పైకి లేచేటప్పుడు స్కాపులా పైకి తిరగాలి, పక్కకు జారాలి. దాన్ని వెనక్కి, కిందికి బిగించి ఉంచితే ఆ కదలిక ఆగిపోతుంది, మళ్లీ భారం కీలు మీదే. మనకు కావాల్సింది కదలగలిగిన వీపు. అటెన్షన్‌లో నిలబడ్డ వీపు కాదు.

కుడి భుజం కిందికి జారిందన్న భయం కూడా వదిలేయండి. బంతి విసిరేవాళ్లలో విసిరే వైపు భుజం కాస్త కిందికి ఉండటం చాలా మామూలు. టెన్నిస్ ఆటగాళ్లలోనూ కనిపిస్తుంది. నిలబెట్టి ఫోటో తీసి, ఒక భుజం అర అంగుళం కిందికి ఉందని గాయం వస్తుందని చెప్పలేం. చేయి ఎత్తి దించేటప్పుడు స్కాపులా ఎలా కదులుతోంది అన్నదే చూడాలి. బాబును చొక్కా విప్పి వెనక్కి తిరిగి నిలబడమని, రెండు చేతులూ నెమ్మదిగా ఎత్తి దించమనండి. అయిదారు సార్లు చేయించండి. దించేటప్పుడు కుడి స్కాపులా అంచు వీపు నుంచి పైకి లేచి కనిపిస్తే, లేదా ఎడమదాని కంటే కుదుపుతో కదిలితే, ఆ వీడియో తీసి ఫిజియోకు చూపించండి. చేయి ఎత్తితే నొప్పి వస్తుంటే మాత్రం ఈ పరీక్ష చేయించొద్దు.

ఇంట్లో చూడగలిగినవి మరో రెండున్నాయి. గోడకు వీపు ఆనించి, మడమలు గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి నిలబడమనండి. గడ్డం పైకెత్తకుండా తల వెనకభాగం గోడకు తగలాలి. తగలకపోతే వీపు పైభాగం బిగుసుకుందని అర్థం. తర్వాత ఒంటికాలి మీద నిలబడి మోకాలు కొద్దిగా వంచమనండి. మోకాలు లోపలికి పడిపోతే, నడుము పక్కకు ఒరిగితే తుంటి బలహీనంగా ఉందని తెలుసుకోండి.

వ్యాయామాల విషయంలో ఒక షరతు. డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి, భుజంలో నొప్పి వచ్చేది ఏదీ చేయకూడదు. మొదట వీపును తెరవడం. పాత దుప్పటిని గట్టిగా చుట్టి నేల మీద అడ్డంగా పెట్టి, స్కాపులాల కింది అంచు దాని మీద వచ్చేలా వెల్లకిలా పడుకోవాలి. మోకాళ్లు మడిచి, చేతులు తల వెనక పెట్టుకుని, ఊపిరి వదులుతూ వీపు పైభాగాన్ని మెల్లగా వెనక్కి వాల్చాలి. నడుము ఎత్తకూడదు. పదిసార్లు చాలు. తర్వాత పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్లు మడిచి, పైచేతిని పుస్తకం తెరిచినట్టు రెండో వైపుకు తిప్పడం. ఛాతీ సాగడానికి గుమ్మంలో నిలబడి ముంజేతిని చట్రానికి ఆనించి ఒక అడుగు ముందుకు వేయాలి. ఇక్కడ పిల్లలు అత్యుత్సాహంతో గట్టిగా నెడతారు. వద్దు, అప్పటికే కీలు ముందువైపు సాగి ఉన్న పిచ్చర్లకు అది చెడు చేస్తుంది. ఛాతీలో సాగినట్టు అనిపించాలి, భుజం ముందు కాదు.

బలానికి గోడ పుషప్‌లు మంచివి. చేతులు నిటారుగా చాచాక ఇంకొక్క అంగుళం గోడను నెట్టి, రెండు స్కాపులాలూ పక్కలకు జారనివ్వాలి. ఆ చివరి అంగుళమే అసలు వ్యాయామం. సెరాటస్ అనే కండరానికి అది పని చెప్తుంది, స్కాపులాను పక్కటెముకలకు అంటిపెట్టి ఉంచేది అదే. బోర్లా పడుకుని చేతులను వై ఆకారంలో, తర్వాత టీ ఆకారంలో చాచి, బొటనవేళ్లు పైకి పెట్టి కొద్దిగా లేపడం ఇంకోటి. దీనికి బరువు అవసరం లేదు, 15 ఏళ్ల పిల్లవాడికి తన చేతి బరువే చాలు. రబ్బరు బ్యాండ్ కిటికీకి కట్టి, మోచేయి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం మూడోది. వీటితో పాటు తుంటి కోసం ఒంటికాలి వ్యాయామాలు. రోజు విడిచి రోజు, ఒక్కోటి రెండు విడతలు, 10 నుంచి 12 సార్లు. వారంలో ఫలితం చూడాలనుకోవద్దు. ఆరు వారాలు పట్టు విడవకుండా చేస్తే తేడా తెలుస్తుంది.

స్టడీ అవర్స్ గురించి. చాలా స్కూళ్లలో పిల్లలు నేల మీద కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని గంటల తరబడి రాస్తారు. పదో తరగతి పిల్లవాడికి చదువు తగ్గించమని నేను చెప్పను. పుస్తకం ఎత్తు పెంచండి. ఇంట్లో చిన్న రాత బల్ల ఉంటే అది చాలు. అరగంటకోసారి లేచి నిలబడి చేతులు పైకి చాచి, నడుము అటూ ఇటూ తిప్పి కూర్చోమనండి. ఒకే భంగిమ ఎంత మంచిదైనా రెండు గంటలు కదలకుండా ఉంటే మంచిది కాదు. బ్యాగు రెండు భుజాలకూ వేసుకోవాలి. సాయంత్రం స్టడీ అవర్ నుంచి నేరుగా గ్రౌండ్‌కు వెళ్లి మొదటి బంతే గట్టిగా విసరడం చాలామంది చేసే పని. పది నిమిషాలు పరుగు, వీపు తిప్పడాలు, తర్వాతే బంతి పట్టుకోవాలి.

విసిరే తీరులో కూడా భంగిమ ఉంది. పాత వీడియోలుంటే ఫోన్‌లో నెమ్మదిగా ఆడించి చూడండి. ముందుకాలు నేల తాకిన క్షణంలో ఆపండి. అప్పటికి బంతి పట్టిన చేయి పైకి వచ్చి, మోచేయి భుజం ఎత్తులో ఉండాలి, ఛాతీ ఇంకా పక్కకే ఉండాలి. కాలు దిగకముందే ఛాతీ బ్యాట్స్‌మన్ వైపు తిరిగిపోతే చేయి వెనకబడి ఈడ్చుకుంటూ వస్తుంది, భుజం మీద భారం పెరుగుతుంది. తర్వాత బంతి వదిలే క్షణం చూడండి. కుడిచేతి పిచ్చర్ ఒళ్లు ఎడమకు కొంత వాలడం సహజం. మరీ ఎక్కువగా వాలితే బంతికి కాస్త వేగం వస్తుంది, అందుకే పిల్లలకు అలవాటవుతుంది. కానీ ఆ వేగంతో పాటు భుజం, మోచేయి మీద ఒత్తిడి కూడా పెరుగుతుందని కొలతల్లో తేలింది. ఇది పీఈటీ సార్‌కు చూపించి మాట్లాడండి. ఆయన శ్రద్ధగా గమనించే మనిషిలా ఉన్నారు.

ఇంత చెప్పాక కూడా ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. పిల్లల భుజాలను వంగిన వీపు కంటే ఎక్కువగా దెబ్బతీసేది లెక్క లేకుండా విసరడం. అలసిన చేత్తో తరచూ పిచ్చింగ్ చేసే కుర్రవాళ్లకు ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం 36 రెట్లు ఎక్కువగా కనిపించిందని అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. అలసినప్పుడు వీపు మొదట వంగుతుంది, మోచేయి కిందికి దిగుతుంది. అంటే మంచి భంగిమ ఉన్న పిల్లవాడు కూడా ఎక్కువ బంతులు వేస్తే చెడు భంగిమతోనే ముగిస్తాడు. అక్కడి ప్రొఫెషనల్ బేస్‌బాల్ నడిపే మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ సంస్థ కలిసి పెట్టిన పరిమితుల ప్రకారం 15, 16 ఏళ్ల పిల్లలు మ్యాచ్‌లో రోజుకు 95 బంతులు దాటకూడదు. 30 దాటితే మర్నాడు విశ్రాంతి, 45 దాటితే రెండు రోజులు, 60 దాటితే మూడు, 75 దాటితే నాలుగు. ఒకే మ్యాచ్‌లో పిచ్చర్‌గా, క్యాచర్‌గా (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు) రెండూ ఆడకూడదు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడం పూర్తిగా ఆపాలి, అందులో రెండు మూడు నెలలు వరుసగా ఉండాలి. మన పిల్లలకు మార్చిలో పదో తరగతి పరీక్షలు, తర్వాత ఎండలు ఎలాగూ ఉన్నాయి, ఆ నెలలనే విశ్రాంతికి వాడుకోండి. ఆదివారం వేసే ఓవర్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బౌలింగ్ చేసే తీరు వేరైనా భుజం అదే కదా. మీ బాబు ఆదివారం బౌలింగ్ చేసి సోమవారం పిచ్చింగ్ ప్రాక్టీస్‌కు వెళ్తున్నాడంటే, ఆ భుజానికి కోలుకునే రోజంటూ లేదు.

బాబు వాళ్లమ్మ ఆట మాన్పించమనడం తల్లిగా సహజం. నేనైతే మాన్పించను. ఎక్స్‌రేలో గ్రోత్ ప్లేట్ సమస్య తేలినా సరే, సమయం ఇస్తే మానేదే. విశ్రాంతి నెలల్లో కూడా బాబును జట్టుకు దూరం చేయకండి. పరుగు, కాళ్ల వ్యాయామం, స్కోరు రాయడం, ఏదో ఒక పని అప్పగించమని సార్‌ను అడగండి. పక్కన కూర్చోబెడితే పిల్లలు నొప్పిని దాచడం నేర్చుకుంటారు, అది అన్నిటికంటే ప్రమాదం. 'నొప్పి ఉందంటే తిడతారు' అన్న భయం వాడికి ఇంట్లో గానీ గ్రౌండ్‌లో గానీ ఉండకూడదు.

డాక్టర్ ఒప్పుకున్నాక బంతి పట్టించేటప్పుడు 30 అడుగుల దూరం నుంచి, మెల్లగా, రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. ఆ దూరంలో రెండు మూడు సార్లు నొప్పి లేకుండా విసిరితే 45 అడుగులు, అలాగే 60, ఆ తర్వాత 90. ఏ దూరంలో నొప్పి వచ్చినా ఆ రోజుకు ఆపి, తగ్గాక అంతకుముందు దూరానికి వెనక్కి రావాలి. ఇవన్నీ దాటాకే పిచ్చర్‌గా నిలబడి విసరడం, అది కూడా సగం వేగంతో. ఎక్స్‌రే రిపోర్టులో ఏమని రాశారో, ఆ నొప్పి ఇప్పుడు ఎలా ఉందో తెలియజేస్తూ మళ్లీ రాయండి.